నీడల మాస్టారి లెక్క

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
14 అక్టోబర్ 1984

తమ్ముడు జయరాజుకి,

నువ్వూ వసంతా దేవుని కృపలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఫోను చేస్తే "బాగున్నావా అక్కా, ఉండు, వసంతకిస్తాను" అని రెండు ముక్కల్లో తప్పుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

పోయిన వారం బందరు నుంచి నాన్నగారితో పనిచేసిన దైవాశీర్వాదం గారు వచ్చారు. కొడుకు దగ్గర మూడు నెలలుంటారట. మిషన్ స్కూల్లో పాత గది ఖాళీ చేస్తుంటే నాన్నగారి నోట్‌బుక్ దొరికిందని తెచ్చి నా చేతిలో పెట్టారు. అట్ట మూలలు చెదలు తినేశాయి గానీ లోపల ఒక్క అంకె చెరగలేదు. ఆయన పోయి పద్నాలుగేళ్ళు దాటింది, చేతిరాత మాత్రం నిన్న రాసినట్టుంది.

దెబోరా సంగతి నీకు తెలుసుగా, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. "మమ్మీ, ఈ కర్ర బొమ్మలు ఏంటి?" అంది. చెప్పాను. రెండువేల రెండు వందల ఏళ్ళ కింద అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీస్ అని ఒక గ్రీకు పండితుడు ఉండేవాడు, పెద్ద గ్రంథాలయానికి అధికారి. దక్షిణాన సైయీనీ అనే ఊళ్ళో ఏడాదికి ఒక్కరోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికొచ్చి బావి అడుగున కనిపిస్తాడని, ఆ పూట కర్రకి నీడే ఉండదని విన్నాడు. అదే రోజు తన ఊళ్ళో నీడ పడుతోంది. ఆ నీడ కోణమూ, రెండూళ్ళ దూరమూ పట్టుకుని భూమి చుట్టుకొలత చెప్పేశాడు. మనకి అన్నం తినిపిస్తూ నాన్నగారు చెప్పిన కథే. "ఆ బావిలోకి ఆయన తొంగి చూడలేదర్రా. చూసినవాడెవడో చెప్పాడు, ఈయన నమ్మాడు. అవతలి ఊళ్ళో ఉన్నవాడు నిజం చెప్తేనే సైన్సు" అనేవారు, గుర్తుందా?

తరవాత సంగతీ చెప్పాను. యాభై ఆరులో, డిసెంబర్ ఇరవై రెండున, ఆయన బందరులో నాలుగడుగుల సరుగుడు కర్ర పాతి కొలవడం, నువ్వు మద్రాసు హాస్టల్లో అలాంటి కర్రే పాతి కొలిచి పంపడం, లెక్క వేస్తే ఇరవై అయిదు వేల మైళ్ళు ఉండాల్సిన భూమి పద్దెనిమిది వేలు కూడా రాకపోవడం. ఉపాధ్యాయుల సభలో ఆయన అది నిజాయితీగా చదివితే, "మాస్టారూ, మీ భూమ్మీద మన జిల్లా పడుతుందా?" అని ఇన్‌స్పెక్టరు అనడం, హాలంతా నవ్వడం. అప్పట్నించి నీడల మాస్టారు అనే పేరు ఆయనకి చచ్చేదాకా పోలేదు.

దెబోరాకి మార్చిలో స్కూల్లో సైన్స్ ఫెయిర్. ఈ డిసెంబర్ ఇరవై రెండున ఇక్కడ తను, అక్కడ నువ్వు కర్రలు పాతి కొలవాలట. పక్కనే తాతయ్య అంకెలూ పెట్టి, ఆయన ఎక్కడ పొరబడ్డాడో కనిపెడతానంటోంది. శనివారమే, నీకూ సెలవు. కాదనవని మాటిచ్చేశాను.

ఇంకోటి. మనం దయ్యాలూ భూతాలూ నమ్మేవాళ్ళం కాదు. అయినా ఈ నోట్‌బుక్ వచ్చిన దగ్గర్నుంచి మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి వెనక పచ్చికలో ఎవరో వంగి నిలబడ్డట్టు ఉంటోంది. పాస్టరు గారికి చెబితే ఇంట్లో ప్రార్థన పెడతారని చెప్పలేదు.

మీ అక్క
విమలకుమారి

క్యారీ, నార్త్ కరోలినా
22 అక్టోబర్ 1984
(రాసి, పోస్టు చేయనిది)

అక్కా,

ఆ రోజు నేను కొలవలేదు.

ఇంతకంటే ముందు ఏ వాక్యం రాసినా ఈ వాక్యం రాయలేనని దీంతోనే మొదలుపెట్టాను. హాస్టలు క్రిస్మస్ సెలవులకి మూసేశారు. నాన్నగారి పని కోసం నన్నొక్కణ్ణి రెండు రోజులు ఉండనిచ్చారు. ఇరవై రెండు పొద్దున ఊళ్ళోనే ఉండే నాతోటివాళ్ళు నలుగురు మహాబలిపురం పోతూ నన్నూ బస్సెక్కమన్నారు. ఎక్కాను. పంతొమ్మిదేళ్ళవాడికి కర్ర పక్కన కూర్చోవడం కంటే అదే బాగుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే అంకె తయారుచేశాను. బందరులో నలభై అంగుళాలకి కాస్త తక్కువ రావచ్చని ఆయన ముందే రాశారు. మద్రాసు దక్షిణం గనక ఇంకొంచెం తగ్గాలి. ముప్పై నాలుగు అనుకున్నాను. నమ్మకం కలగాలని ఉత్తరంలో "దారానికి రాయి కట్టి నిలువు చూశాను, మూడుసార్లు కొలిచాను" అని కూడా రాశాను. అక్కా, ఆ మూడుసార్లు అన్న మాటే నన్ను ఇప్పటికీ పట్టుకుని వదలడం లేదు.

సభలో నవ్వులపాలై వచ్చాక ఆయన నాకు రాసిన కార్డు ఇదిగో, మాట మాటా గుర్తుంది. "మద్రాసు నీడ సరైనదే. నువ్వు కొలిచావు. తప్పు నా వైపే ఉంది, వచ్చే ఏడు మళ్ళీ చూస్తాను." వచ్చే ఏడే కాదు, పదమూడేళ్ళు చూశారు. ఒక్కసారైనా నన్ను మళ్ళీ కొలవమని అడగలేదు.

మా ఆఫీసులో అందరూ మధ్యాహ్నం బయట బెంచీల మీద తింటారు. నేను కిటికీ లేని గదిలో తింటాను. మొన్న నీ ఉత్తరం చదివాక కారు దగ్గరికి వెళ్తే పార్కింగ్ లాట్‌లో దీపస్తంభం కింద ఆయన గొంతుక్కూర్చుని టేపు పరుస్తున్నారు. చలిలో కోటు లేదు. నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

ఇది పోస్టు చేయగలనో లేదో తెలియదు.

జయరాజు

క్యారీ
29 అక్టోబర్ 1984

అక్కకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. డిసెంబర్ మూడో వారంలో మాకు ఆఫీస్‌లో ఆడిట్ ఉండొచ్చు, మాటివ్వలేను. పైగా ఇక్కడ ఎటు చూసినా పైన్ చెట్లు, కర్ర పాతడానికి ఎండ పడే చోటు దొరకదు. దెబోరాని వేరే ప్రాజెక్ట్ చూసుకోమను. సోడా, వెనిగర్‌తో అగ్నిపర్వతం చేస్తారు పిల్లలు, చూడ్డానికి బాగుంటుంది.

నాన్నగారి నోట్‌బుక్ పిల్లల చేతుల్లో నలగడం నాకు నచ్చలేదు. రిజిస్టర్డ్ పోస్టులో నాకు పంపెయ్యి, భద్రంగా ఉంచుతాను. వసంత నిన్ను అడిగానని చెప్పమంది.

జయరాజు

ప్లెయిన్స్‌బరో
6 నవంబర్ 1984

జయరాజుకి,

నీ ఉత్తరం చదివి మీ బావ "మీ తమ్ముడు బ్యాంకు మేనేజర్లా రాశాడేమిటి?" అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నీకు నా మీద కోపమని నాకు తెలుసు. మీ కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకి నేను రాలేదని మనసులో పెట్టుకున్నావు. ఆ వారం నాకు హాస్పిటల్లో డ్యూటీ మార్చలేదురా, ఎన్నిసార్లు చెప్పాలి? అక్క మీద కోపాన్ని పసిదాని మీద చూపించకు. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ "మావయ్య ఎందుకు నో అన్నాడు? నాకు సౌత్‌లో ఒక పర్సన్ కావాలి కదా" అని నా చుట్టూ తిరుగుతోంది. మొన్న ఇంకో ప్రశ్న వేసింది. సైయీనీ దాకా దూరం అడుగులతో కొలిచారంటారే, ఆ నడిచినవాళ్ళ పేర్లేంటి అంది. ఎవరికీ తెలియదన్నాను. "దట్స్ నాట్ ఫెయిర్, వాళ్ళు కరెక్ట్‌గా కౌంట్ చేశారు కదా" అంది. నాన్నగారు వినుంటే దాన్ని భుజాలకెత్తుకునేవారు.

కోపం కాదంటే మిగిలేది ఒక్కటే, ఆయన్ని చూసి నీకు సిగ్గు. ఇంత పెద్ద కెమిస్టువి, మీ నాన్న భూమిని చిన్నది చేసిన నీడల మాస్టారని నలుగురికీ తెలియకూడదు, అందుకే నోట్‌బుక్ దాచేద్దామంటావు. పంపను.

నీకు తెలియని సంగతొకటి ఈ రోజు చెప్తాను. అరవై తొమ్మిది డిసెంబర్‌లో నువ్వు ఈ దేశంలో ఉన్నావు, ఆయన మంచం మీద ఉన్నారు. ఇరవై రెండున పదకొండింటికే బయటికి తీసుకెళ్ళమని గొడవ. నేనూ అమ్మా కుర్చీతో సహా మోసి వాకిట్లో దించాం. చేతులు వణుకుతున్నాయని టేపు నన్ను పట్టమన్నారు. ముప్పై తొమ్మిదీ ముప్పావు వచ్చింది, ఎప్పటిలాగే. "తప్పు ఎక్కడ చేస్తున్నానో తెలియడం లేదమ్మా. వాడు మూడుసార్లు కొలిచాడు" అన్నారు. మూడు వారాలకి పోయారు. నిన్ను అంతలా నమ్మిన మనిషి కోసం ఒక్క పూట ఎండలో నిలబడలేవా?

అక్క

క్యారీ
13 నవంబర్ 1984

అక్కా,

నాన్నగారిని చూసి నేను సిగ్గుపడలేదు. ఇంకేమైనా అను, ఆ మాట అనకు. ఇంటి ప్రార్థన సంగతి నాకు గుర్తు కూడా లేదు.

కొలుస్తాను. మా చర్చి వెనక పార్కింగ్ లాట్‌లో చెట్లు లేవు, అక్కడ పాతుతాను. దెబోరాతో చెప్పు, గడియారం చూసి పన్నెండింటికి కొలవకూడదు. అన్నిటికంటే పొట్టి నీడ ఎప్పుడు పడుతుందో అప్పుడే కొలవాలి. మీ ఊళ్ళో అది పన్నెండుకి కాస్త ముందే వస్తుంది, మాకు పన్నెండుంపావు అవుతుంది.

ఒక్కటే అడుగుతున్నాను. పోస్టర్ మీద తాతయ్య అంకెలు వద్దు. దెబోరావీ నావీ చాలు. బతికినన్నాళ్ళూ నవ్వారు, పోయాక కూడా ఎందుకు?

జయరాజు

ప్లెయిన్స్‌బరో
2 డిసెంబర్ 1984

మా బంగారు తమ్ముడికి,

నువ్వు ఒప్పుకున్నావని దెబోరా ఇల్లంతా గంతులేసింది. నిన్ను తొందరపడి నానా మాటలూ అన్నాను, మనసులో పెట్టుకోకు. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు ఈసారి మా బేస్‌మెంట్‌లోనే. పదిహేనుమంది తెలుగువాళ్ళం చేరి పది శ్రుతుల్లో పాడుతున్నాం.

అసలు సంగతికొస్తాను. థాంక్స్‌గివింగ్ సెలవు రోజు దెబోరా అట్లాసు ముందేసుకుని కూర్చుంది. బందరు భూమధ్యరేఖకి ఎంత పైన, మద్రాసు ఎంత పైన అని చూసి, ఆ రోజుకి ఎక్కడెంత నీడ పడాలో లెక్క కట్టింది. బందరులో ముప్పై తొమ్మిదిన్నరకీ నలభైకీ మధ్య రావాలట. నాన్నగారివి పద్నాలుగు కొలతలూ అందులోనే ఉన్నాయి. ఒక్క ఏడూ తప్పలేదు. మద్రాసులో ముప్పై అయిదున్నర రావాలట. నోట్‌బుక్‌లో ముప్పై నాలుగు ఉంది. "తాతయ్య రైట్, మమ్మీ. మావయ్య నంబర్ రాంగ్" అంది.

చెంప మీద ఒక్కటి వేశాను. పుట్టాక దాని మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. మావయ్య మూడుసార్లు కొలిచాడే, నోరు ముయ్యి అన్నాను. అది ఏడవలేదు. "మూడుసార్లూ రాంగే" అని లెక్క కాగితం నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

తరవాత నేనే నిదానంగా ఆలోచించాను. కర్ర కొంచెం వాలి ఉంటుంది. లేకపోతే నేల ఏటవాలుగా ఉండి ఉంటుంది, లేదా హాస్టలు మేడ నీడ కలిసిపోయి కొస సరిగ్గా కనబడి ఉండదు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడివి, ఒక్కడివి. ఇందులో ఏదో ఒకటి అయ్యుంటుంది కదా? గుర్తు చేసుకుని ఒక్క ముక్క రాయి. పోస్టర్ మీద అదే రాస్తుంది, మావయ్యకీ పేరు పోదు, తాతయ్యకీ న్యాయం జరుగుతుంది. నాకైతే కర్ర వాలిందనే అనిపిస్తోంది.

ప్రేమతో
అక్క

క్యారీ
22 డిసెంబర్ 1984, సాయంత్రం

అక్కా,

పన్నెండూ పద్నాలుగుకి నీడ అన్నిటికంటే పొట్టిగా పడింది. ఎనభైన్నర అంగుళాలు. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా రెండేసి నిమిషాలకొకసారి సుద్దతో గుర్తు పెట్టాను. ఆ కాగితం ఇందులో పెట్టాను, దెబోరాకివ్వు. వసంత పక్కనే నిలబడి గడియారం చూసి చెప్పింది. ఎందుకింత జాగ్రత్త అని అడిగితే తనకి చెప్పాను. తరవాత నీకు చెప్పకుండా ఉండటానికి ఇక దారి లేదు.

కర్ర వాలలేదు అక్కా. కర్రే లేదు.

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. ఒప్పుకోవడానికి నువ్వు మూడు తప్పులు వరసగా పేర్చి చేతికిచ్చావు. రోజూ ఒకటి తీసి చూసేవాణ్ణి. నేల ఏటవాలుగా ఉంది అని రాస్తే చాలు, అందరం హాయిగా ఉంటాం. మొన్న కాగితం మీద రాశాను కూడా. రాసి చూస్తే అది ఇంకో "మూడుసార్లు కొలిచాను"లాగే ఉంది.

ఆ పొద్దున మహాబలిపురం వెళ్ళాను. ముప్పై నాలుగు అన్నది బస్సులో పుట్టిన అంకె. ఇదే సంగతి అక్టోబర్‌లో ఒక ఉత్తరంలో రాసి, తేలు కుట్టిన దొంగలా డ్రాయర్లో పెట్టుకు కూర్చున్నాను. దాన్ని కూడా జతచేస్తున్నాను. అంగుళమున్నర అబద్ధం ఏడువేల మైళ్ళు మింగింది. నాన్నగారిని పదమూడేళ్ళు ఎండలో నిలబెట్టింది నేను. కుర్చీలో మోయించింది నేను. హాల్లో ఆయన తలొంచుకున్న రోజున ఒక్క కార్డు రాసి ఉంటే సరిపోయేది. మొదటి ఏడు భయపడ్డాను. తరవాత మరీ ఆలస్యమైపోయిందనుకున్నాను. ప్రతి ఏడూ అదే అనుకున్నాను.

ఈ రోజు కొలుస్తున్నంతసేపూ ఆయన నా వెనకే ఉన్నారు. వంగి నా భుజం మీదుగా టేపు చూస్తున్నారని ఒంటికి తెలుస్తోంది. వెనక్కి తిరగలేదు. తిరిగితే వెళ్ళిపోతారని కాదు, ఉంటారని భయం.

దెబోరాని కొట్టావన్నావు. ఆ దెబ్బ నాకు పడాల్సింది. దానికి నా తరఫున క్షమాపణ చెప్పు. నిన్ను అడిగే అర్హత నాకు లేదు.

జయరాజు

ప్లెయిన్స్‌బరో
19 జనవరి 1985

జయరాజూ,

నాలుగు వారాలు రాయలేదు. రాయాలనిపించలేదు. వసంత మూడుసార్లు ఫోను చేస్తే మీ బావ చేత లేనని చెప్పించాను. క్రిస్మస్ ఆరాధనలో నోరు తెరిస్తే ఏడుపొచ్చింది, జలుబని చెప్పాను.

దెబోరా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమని అడిగాను. "ఇట్స్ ఓకే మమ్మీ, యూ డిడింట్ హావ్ ద డేటా" అంది. దాన్ని చూసి నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది.

నువ్వు అబద్ధం రాశావన్నది నన్నంతగా బాధపెట్టడం లేదు. పంతొమ్మిదేళ్ళకి ఎవరైనా బస్సెక్కుతారు. నన్ను పట్టి పీడిస్తున్నది వేరొకటి. దెబోరా ఒక్క సాయంత్రంలో అట్లాసు తెరిచి కనిపెట్టింది. నాన్నగారింట్లో రెండు అట్లాసులు ఉండేవి. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన మనిషికి, పదమూడేళ్ళలో, ఆ సంగతి తట్టలేదంటే నమ్మమంటావా?

నోట్‌బుక్ అంతా ఒక్కో పేజీ వెలుతురుకి పట్టుకుని చూశాను. మద్రాసు అంకె పక్కన ప్రశ్నార్థకం లేదు, గీత లేదు, చెరిపిన గుర్తు లేదు. ఆయనకి తెలిసి, నిన్ను కాయడానికి ఊరి నవ్వంతా తన మీద వేసుకుని, మనందరి ముందూ ప్రతి ఏడూ కర్ర పాతి ఉండాలి. లేదంటే నిన్ను అనుమానించినట్టవుతుందని ఆ అట్లాసు తెరవకుండానే ఉండిపోయి ఉండాలి. ఈ రెంటిలో ఏది నిజమో నాకు తెలియదు. చెప్పగలిగిన ఒక్క మనిషీ పోయారు. ఏది నిజమైతే నీకు తేలికో కూడా నాకు తెలియదు. నాకు మాత్రం ఏదీ తేలిగ్గా లేదు. మధ్యాహ్నమైతే ఆయన ఇంకా పచ్చికలోనే ఉంటున్నారు, ఇప్పుడు నేను కిటికీ తెర వేసుకుంటున్నాను.

ఇక పని సంగతి. ఇక్కడ మా నీడ తొంభై ఏడున్నర. నీదీ మాదీ కలిపితే భూమి ఇరవై నాలుగు వేల నాలుగు వందల మైళ్ళు వచ్చింది. అంతటితో దెబోరా ఊరుకోలేదు. ఏ ఏడైనా ఆ రోజు నీడ ఒక్కటే గనక, తాతయ్య బందరు కొలతకి నీ క్యారీ కొలత జతచేసి, రెండూళ్ళకీ ఉత్తర దక్షిణాల దూరం మ్యాప్‌లో చూసి లెక్క వేసింది. ఇరవై నాలుగు వేల ఎనిమిది వందల నలభై చిల్లర. మా లెక్క కంటే అదే పుస్తకంలో అంకెకి దగ్గరగా ఉంది. ఆయన భూమి ఇరవై ఎనిమిదేళ్ళు ఒక్క నిజమైన కొలత కోసం ఆగిందన్నమాట. నువ్వు అది ఇచ్చావు. అది కాదనను.

నిన్ను క్షమించానని రాయలేను. ప్రతి ఆదివారం అందరితో కలిసి ప్రభువు ప్రార్థన చెప్తున్నాను, "మేము క్షమించియున్న ప్రకారము" అన్న మాట మాత్రం వదిలేసి తరవాతి వాక్యం అందుకుంటున్నాను. ఇంకా కొన్నాళ్ళు పడుతుంది.

పోస్టర్ మీద నాలుగు వరసలున్నాయి. బందరు, మద్రాసు, ప్లెయిన్స్‌బరో, క్యారీ. ఏ వరసకి కొలిచినవాళ్ళు ఆ వరసలో సంతకం చేయాలని వాళ్ళ స్కూల్లో రూలు. బందరు వరసలో నోట్‌బుక్‌లోంచి నాన్నగారి సంతకం ఫొటోకాపీ తీసి అంటించింది. తన వరసలో తను చేసింది. మద్రాసు గడిలో ముప్పై నాలుగు కొట్టేసి "కొలవలేదు" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసింది. దాని పక్కన సంతకం నేను చేస్తానంటే ఒప్పుకోలేదు, "నువ్వు అక్కడ లేవు కదా మమ్మీ" అంది.

ఫెయిర్ మార్చి రెండున, పొద్దున తొమ్మిదింటికి. ముందురోజే బయల్దేరు, వసంతని కూడా తీసుకురా. రెండు చోట్ల నీ సంతకం కావాలి.

విమలకుమారి